పరదా వెనుక కత్తెర

పేకాట అరకొరగా నేర్చుకుని మొగని దుబాయి ముంచింది అని ఎల్లారెడ్డిలో కుల్సుం గురించి ఒక మాట ఉంది. బీడీల కార్ఖానా ముందు ఆకు కోసం నిలబడ్డప్పుడు ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతారు. "జాకీకి, రాజుకు ఫరక్ తెల్వనిదానికి పత్తాల ఆటెందుకే?" అని మంగవ్వ అంటే అందరూ నవ్వుతారు. నేను ఆకు కట్ట ఎత్తుకుని వచ్చేస్తాను.

కుల్సుం అక్కది మా పక్కిల్లు. ఏడో తరగతి మధ్యలో మా అవ్వ నన్ను బడి మాన్పించి ఒళ్ళో చేట పెట్టినప్పుడు, ఆకు కత్తిరించడం, తంబాకు చుట్టడం, దారం కట్టడం నేర్పింది ఆమే. నేను ఎక్కువ మాట్లాడను. అందుకేనేమో నా ముందు ఏదీ దాచేది కాదు.

ఎనభై ఆరులో ఆమె భర్త ఘనీ అన్న దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. ఎత్తైన భవనాలకు బయటి వైపు కట్టిన మంచె మీద నిలబడి గోడలకు సిమెంటు పూయడం అక్కడ అతని పని. వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. వాడకట్టంతా దుబాయి షోకు అనుకుంది. సిమెంటు నీళ్ళు పడి కుడి కన్ను పోయిందనీ, ఎడమ కంటికి ముక్కు దగ్గరి వస్తువే ఆనుతుందనీ కుల్సుం అక్కకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

కామారెడ్డి ఏజెంటు సలీమ్‌కు తెలియకూడదు. ఘనీ అన్న పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. మళ్ళీ వీసా ఇప్పించేదీ అతనే. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే బస్సెక్కి వచ్చేవాడు, ఘనీ అన్న అక్కడి క్యాంపులో నేర్చుకున్న పత్తాల ఆట కోసం. పందెం చింతగింజలే. కానీ ఆట నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు తెరవొద్దని సలీమ్ పట్టుబట్టేవాడు. ఆట మానేస్తే అతనికి అనుమానం వస్తుంది.

అందుకని ఘనీ అన్న భార్యకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు.

"ఒక్కొక్కనికి రెండు పత్తాలు. ఎవరియి వాళ్ళకే. చాప నడుమ ఐదు తెరుస్తరు. ముందుగాల మూడు, ఎన్కకు ఒకటి, ఆఖర్కి ఒకటి. గవి అందరియి."

"అందరియి అంటే? బాయి నీళ్ళ లెక్కనా?" అంటూ కుల్సుం అక్క చెయ్యి చాచి నడుమ నుంచి ఒక పత్తా తీసుకుంది.

"అరె, నీళ్ళ లెక్క తోడుకుంటరానే! ముట్టద్దు. చూసుకొని నీ రెండిట్ల కలుపుకోవాలె, గంతే."

"చూసుడే గద నీకు రానిది."

ఘనీ అన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు.

చేతిలోని రెండూ ముక్కు దాకా తెచ్చుకుని అద్దాల కింది నుంచి చూసుకోగలడు. చాప మీదివే కనబడవు. మగవాళ్ళు వచ్చినప్పుడు ఆమె పరదా వెనుక ఉంటుంది, బీడీ ఆకు కత్తిరిస్తూ. పరదా సందులోంచి చాప కనబడుతుంది, కత్తెర చప్పుడు అవతలికి వినబడుతుంది. అంకె పత్తాకు అన్నిసార్లు కత్తెర ఆడించాలి. ఆసుకు ఒక్కసారే. జాకీకి కత్తెర పిడితో నేల మీద ఒక దెబ్బ, రాణికి రెండు, రాజుకు మూడు. రంగులు చెప్పే దారి దొరకక అల్లాకు వదిలేశారు.

పొద్దంతా నేను పత్తాలు తెరిచేదాన్ని, ఆమె కత్తెర ఆడించేది. తప్పు పోతే పత్తాలు కలిపి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

ఆ నెలలోనే లింగంపేట యాకూబు దుబాయి నుంచి శవపెట్టెలో వచ్చాడు. మంచె మీది నుంచి పడ్డాడట. అతని కళ్ళు రెండూ బాగానే ఉండేవి.

మట్టి ఇచ్చి వచ్చిన సాయంత్రం కుల్సుం అక్క, "నాకద్దు నీ దుబాయి," అంది.

"ఈడ ఏం జేస్తనే? నీ పక్కన కూసొని బీడీలు చుడ్తనా?" అని ఘనీ అన్న తన నెత్తి మీద ఆమె చెయ్యి పెట్టించుకున్నాడు. సలీమ్‌తో ఒక్క మాట కూడా అననని ఒట్టు వేయించాడు.

తర్వాత ఆమె నాతో నెమ్మదిగా అంది: "మంచిగ నేర్చుకోకుంటే దొరుకుతడు. మంచిగ నేర్చుకుంటే పోతడు. నాకు రెండిటికీ భయమే, పిల్లా."

ఆ జుమ్మాకు సలీమ్ పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని వచ్చాడు. "వీసా పడ్డది, ఘనీ! ఐతారం కామారెడ్డిల రైలెక్కుడే. ఒక్క ఆట ఆడి పోతా." పక్క దుకాణం జహూర్ కూడా కూర్చున్నాడు. పరదా వెనుక నా చేటలో తంబాకు అంతా ఒలికిపోయింది. మళ్ళీ ఎత్తుకునే ధైర్యం లేదు.

మూడు పత్తాలు తెరిచారు. కత్తెర ఆడింది. నాలుగోది తెరిచారు. ఆడింది. ఆఖరిది తెరుచుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత నేల మీద మూడు దెబ్బలు.

ఘనీ అన్న తన రెండు పత్తాలు చాప మీద కొట్టాడు. "మూడు రాజులు! తియ్యుండ్రి గింజలు!"

"చేతిల రెండున్నయి. మూడోది ఏది?" అన్నాడు సలీమ్.

"నడుమ లేదా?"

"చూపియ్యి."

ఘనీ అన్న వేలు చాప మీద తడుముకుంటూ పోయి ఆఖరి పత్తా మీద ఆగింది. అది జాకీ.

జహూర్ నవ్వబోయి ఆగాడు. సలీమ్ ఒంగి ఆ నల్ల అద్దాలు తీశాడు. మొహం ముందు చెయ్యి ఆడించాడు. "ఇవెన్ని వేళ్ళు, భాయ్?"

ఘనీ అన్న పరదా వైపు తిరిగి, "తప్పు చెప్పినవు గదనే! రాజన్నవు!" అని అరిచాడు. అట్లా ఊరికి కత్తెర సంగతి తెలిసింది.

సలీమ్ పాస్‌పోర్టు చాప మీద పెట్టాడు. "నీ ఇంటోళ్ళు నన్ను తిట్టుకునుడు నాకద్దు. కండ్లు లేనోన్ని మంచె ఎక్కియ్య," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఘనీ అన్న కుల్సుం అక్క పక్కన కూర్చుని బీడీలు చుడతాడు. ఆకును వేళ్ళతో చూసుకుంటాడు. కోపం వచ్చిన రోజు, "ఒక్క పత్తా నేర్వరాకపాయె నీకు," అంటాడు. ఆమె దారం తెంపి ఇస్తుంది.

ఆ రోజు నేను ఆమెకు ఆనుకుని కూర్చున్నాను. ఆఖరి పత్తా తెరుచుకోగానే ఆమె పెదవులు చప్పుడు లేకుండా "జాకీ" అన్నాయి. ఆ తర్వాతే కత్తెర నేల మీద మూడుసార్లు కొట్టింది.