క్వాంటం బాయి

జనగామ డిగ్రీ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ క్వాంటం బావిని ఎప్పుడూ బాయి అనే అనేవారు. అరచేతిని దొప్పలా వంచి చూపేవారు. "గిది బాయి. ఎలక్ట్రాన్ దీంట్ల చిక్కుతది. వెలుగు కొంచెమైతే బాయి మింగుతది, జోరుగొస్తే మింగలేక తొవ్వ ఇస్తది."

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, బందుల నడుమ జరిగిన సెమినార్‌లో, మాకు మార్కులు వేయడానికి వచ్చిన అతిథి, విషయం పరిచయం చేస్తున్న సార్‌ని ఆపి నవ్వారు. "బాయి ఏంటండీ మాస్టారూ, బావి అనండి!"

సార్ వంచిన చేయి గాలిలోనే ఆగిపోయింది. తరువాత మాట్లాడాల్సింది క్లాసులో ఎన్నడూ నోరు విప్పని నేను.

"నువ్వు బావి అనే చెప్పు బిడ్డా, మార్కులు పోతయ్" అన్నారు సార్ మెల్లగా.

బోర్డు ముందు నిలబడి అరచేతిని వంచాను. "గిది బాయి" అన్నాను.

బయటికొచ్చాక సార్ కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు. "బాయి వెడల్పు చెప్పుడు మరిచినవ్" అన్నారు.