తాళం వేసిన వాన డబ్బా

ఆకాశం వైపు ఒకసారి చూడకుండా పొద్దున్నే ఎవరూ ముఖం కడుక్కోని రోజులవి. ఇప్పుడు వాన సంగతి ఫోన్ చెబుతోంది. అప్పట్లో చీమలు చెప్పేవి, మోకాళ్ళ నొప్పులు చెప్పేవి, అప్పుడప్పుడు స్వాములు చెప్పేవారు. వీటన్నిటి మధ్య ప్రభుత్వం తరఫున చెప్పవలసినవాణ్ణి నేను. గజపతినగరంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆఫీసు ఆవరణలో ఒక మూల, కంచె లోపల, వర్షమాపకం ఉండేది, పైన గరాటు, లోపల సీసా ఉన్న డబ్బా. రోజూ ఒకే వేళకి దాని తాళం తీసి, సీసాలో నీళ్ళుంటే గీతలున్న గాజు గొట్టంలోకి వంపి, గీతకి సమానంగా కన్ను పెట్టి చూసి, ఎంత పడిందో రాయడం నా పనుల్లో ఒకటి. మిగతా గుమాస్తాలు దాన్ని పనికింద లెక్కవేసేవారు కాదు. నేను మాత్రం దేశం తిండి నా కన్ను మీద ఆధారపడి ఉందన్నంత శ్రద్ధగా వంగేవాణ్ణి. (డైరీ రాసే అలవాటు కూడా అప్పటికే ముదిరింది. వాన పడని రోజున 'వాన లేదు' అని రాసి, కింద గీత కొట్టేవాణ్ణి.)

ఉండడం మా మావ ఇంట్లో. మా అమ్మకి అన్న. పట్నానికి సైకిలు దూరంలో, మెట్ట పల్లెలో, ఎర్రనేల మీద వేరుశనగ వేసేవాడు. ఆ ఏడు తొలకరి మొహం చాటేసింది. మబ్బు పట్టేది, గాలి వచ్చేది, మబ్బు పోయేది. అత్తా, మరదలూ అరుగు మీద కూర్చుని విత్తనం కాయలన్నీ అప్పటికే ఒలిచేశారు. ఒలిచిన గింజ ఎక్కువ కాలం నిలవదు. పొడినేలలో పడితే అసలే దక్కదు. చిన్న జల్లుకి మోసపోయి విత్తితే, గింజ ఉబ్బి, మొలక రాకుండా కుళ్ళిపోతుంది. మళ్ళీ విత్తడానికి ఇంట్లో వేరే గింజ లేదు. ఉన్నదంతా ఆ రెండు వెదురు గంపలే. మావ పొద్దున్నే లేచి ముందు గంపల్లో చెయ్యి పెట్టేవాడు, తరవాత ఆకాశం చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆ అనకపోవడంతో ఇల్లంతా బరువుగా ఉండేది.

ఆ అదనులో వచ్చాడు కుండస్వామి. ఊరి చివర మామిడితోపులో దిగాడు. నడివయసు మనిషి, మాట తక్కువ. ఎప్పుడూ ఒక మట్టికుండ పక్కన ఉండేది. ఆయన కుండ బోర్లిస్తే వాన వస్తుందని పేరు. ఈ పేరు ఆయన చెప్పుకోగా నేను వినలేదు. చెప్పడానికి పెద్ద శిష్యుడున్నాడు. అతనికి కంఠం బాగా ఉండేది. 'కిందటేడు వంశధార అవతల ఒక ఊళ్ళో స్వామి కుండ బోర్లించారు, తెల్లారేసరికి గట్లు తెగిపోయాయి' అని అతను చెబుతుంటే, విన్నవాళ్ళు గట్లు తెగినా సరే అనుకునే స్థితిలో ఉన్నారు.

నేను ఆ వయసులో హేతువాదిని. అంటే పట్నం లైబ్రరీలో కొన్ని పుస్తకాలు చదివి, జేబులో పెన్ను పెట్టుకుని, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే 'ఆధారం ఏమిటి' అని అడిగేవాణ్ణి. ఒక సాయంత్రం తోపులో శిష్యుణ్ణి అదే అడిగాను. ఊళ్ళో రైతులంతా ఉన్నారు.

"కుండ బోర్లించాక వాన పడని ఊళ్ళు లేవా?"

"ఉన్నాయి. ఆ ఊళ్ళలో నమ్మకం లేదు."

"నాలుగు చినుకులు పడితే?"

"నమ్మకం కొంచెం ఉందన్నమాట."

"వారం పోయాక పడితే?"

"స్వామి మాట ఆలస్యంగానైనా నిలబడినట్టు."

"మరి ఏం జరిగితే మీ మాట తప్పని ఒప్పుకుంటారు?"

శిష్యుడు నావైపు జాలిగా చూశాడు. వెనకనుంచి మావ గొంతు వినబడింది. "ఒరే అల్లుడా, నువ్వేటి సెప్పదలిసినావో అది సెప్పు. ఆకాశం మీద కేసెడతావేటి?"

నేను చెప్పింది ఇది. వాన అంటే ఎంత పడాలో ముందే అనుకుందాం. గింజ మొలవడానికి చాలినంత తడి, మీ రైతుల మాటలో పదును, ఎంత వానకి అవుతుందో మీరే చెప్పండి. గాజు గొట్టం మీద ఆ గీత దగ్గర దారం కడతాను. స్వామి కుండ బోర్లించిన మర్నాటికి నీళ్ళు దారం దాటితే వాన వచ్చినట్టే, మావ విత్తుకుంటాడు, నేను నోరు మూసుకుంటాను. దాటకపోతే విత్తకూడదు. రైతులు కాసేపు తమలో తాము తగువులాడుకుని ఒక గీత ఒప్పుకున్నారు. స్వామి అంతసేపూ కుండమీద చెయ్యి వేసి వింటున్నాడు. చివరికి "ఈ అబ్బాయి చెప్పింది బాగుంది" అన్నాడు. శిష్యుడి మొహం చిన్నబోయింది.

ఆఫీసు సామాన్ల గదిలో సొట్టపడిన పాత వర్షమాపకం ఒకటి ఉంది. పట్టుకెళ్ళనా అని మా పై అధికారిని అడిగితే, "వానే లేనప్పుడు అదెక్కడుంటే ఏమిటయ్యా" అన్నారు. మావ పొలంలో చదునైన చోట చూసి, రాళ్ళతో చిన్న తిన్నె కట్టి, దాని మీద దాన్ని నిలబెట్టాను. చుట్టూ కర్రలతో కంచె. ఎవరూ ముట్టకుండా తాళం. శిష్యుడు నీళ్ళు పోసే మనిషని నాకు గట్టి అనుమానం. అందుకే తాళం చెవి మొలతాడుకి కట్టుకుని తిరిగాను. రోజూ తెల్లవారగానే నూతి దగ్గర స్నానం చేసి, పొలానికి వెళ్ళి, చెప్పులు గట్టు మీద విడిచి (తిన్నె చుట్టూ నేల అణగకూడదని), వంగి చూసి, మళ్ళీ తాళం వేసి, ఆఫీసుకి సైకిలెక్కేవాణ్ణి. పిల్లలు దగ్గరికొస్తే తరిమేవాణ్ణి. గొట్టానికి ఎర్రదారం కట్టాను. ఇదంతా శాస్త్రీయ పద్ధతి అనుకున్నాను. చూసేవాళ్ళకి ఎలా కనబడుతోందో ఆలోచించలేదు.

మంచిరోజు చూసి స్వామి కుండ బోర్లించాడు. ఆ సాయంత్రం ఊరందరి ముందూ సీసా తలకిందులు చేసి చూపించి, ఖాళీ అని ఒప్పించి, తాళం వేశాను.

తెల్లవారుజామున జల్లు పడింది. ఆ మట్టివాసనకి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చేసింది. ముసలివాళ్ళు అరచేతులు చాపి నిలబడ్డారు. నేను మంచం మీదే లేచి కూర్చుని, చప్పుడు విని, ఇది పదునుకి చాలే వాన కాదని అనుకున్నాను. అనుకోవడం వేరు, కొలవడం వేరు. స్నానం చేసి వెళ్ళేసరికి పొలం గట్లంతా జనమే, స్వామీ శిష్యుడూ కూడా వచ్చేశారు. మావ అప్పటికే ఎడ్లకి నాగలి కట్టాడు. అత్త గంప నెత్తిన పెట్టుకుని నిలబడింది. రెండో గంప మరదలి చంకలో ఉంది.

తాళం తీశాను. సీసా ఎత్తగానే చెయ్యి బరువుకి కిందికి జారింది. గొట్టంలోకి వంపాను. నీళ్ళు ఎర్రదారం దగ్గర ఆగలేదు, దాటి పైకి వెళ్ళాయి. సీసాలో ఇంకా మిగిలాయి.

శిష్యుడు స్వామి కాళ్ళ మీద పడ్డాడు. అతని వెనక ఇంకొందరు పడ్డారు. నేను గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూస్తున్నాను. నీళ్ళు తేటగా లేవు. కొబ్బరి పీచు ఒకటి తేలుతోంది. గరాటు అంచు మీద చీమలు బారు కట్టాయి. అప్పుడు తట్టింది నాకు. డబ్బాకి తాళం వేశాను గానీ, పైనున్న గరాటుకి తాళం ఉండదు. వాన పడే దారి ఎవరికైనా తెరిచే ఉంటుంది.

"మావా, ఇది వాన కాదు," అన్నాను.

మావ నాగలి మేడి వదల్లేదు. "డబ్బా ఎవలు తెచ్చినారు?"

"నేనే."

"దారం ఎవలు కట్టినారు?"

"నేనే. కానీ..."

"దాటితే ఇత్తుకోమన్నావా, లేదా?"

"అన్నాను."

"మరింక కానీ ఏటిరా? నీకు నచ్చితే వానా, నచ్చకపోతే కాదా?"

తోపులో శిష్యుణ్ణి నేను బిగించిన ముడి అదే. ఇప్పుడు నా మెడకి పడింది. ఎవరో నీళ్ళు పోశారని నేనంటే, ఎవరని అడుగుతారు. తెలియదు. నేలని చూడమంటే, పైన తడిగానే ఉంది. శిష్యుడు తీరిగ్గా, "బాబుగారి శాస్త్రమే ఒప్పుకుంది" అన్నాడు. మావ ఎడ్లని అదిలించాడు. నాగలి కదిలింది. "ఏవే, గింజలట్రా" అన్నాడు అత్తతో.

అత్త కదల్లేదు. నా చేతిలో గొట్టాన్ని, చాలులో లేచిన మట్టిని మార్చి మార్చి చూసింది. అడుగున మట్టి పొడిగా, ఎర్రగా దుమ్ము లేస్తోంది. గంప దించి గట్టు మీద పెట్టింది. గింజల మీద కొంగు కప్పింది.

"ఆపండి. ఆ నీళ్ళు నానే పోసినాను."

ఊరంతా ఆవిడ వైపు తిరిగింది. మావ ఎడ్లని ఆపాడు. "ఏటీ?"

"తెల్లారగట్ట సెంబుడు నీళ్ళు పోసి తానం సేయించినాను. మరి కొబ్బరికాయ కొట్టినాను. పువ్వెట్టినాను. గాలికి ఎగిరిపోయినట్టున్నాది."

"ఎందుకే?"

"ఎందుకంటే నానేటి సెప్పను. అల్లుడు పొద్దుటే తానం సేసి దానికాడకే ఎల్తన్నాడు. సెప్పులిప్పి వొంగుతన్నాడు. తోరం కట్టినాడు. ఎవుల్నీ ముట్టనీడు. దేవుడు కాకపోతే అంత మడేటి? గవర్నమెంటోలకి వానదేవుడు వేరేగా ఉంటాడేమోననుకున్నాను. అన్నాళ్ళబట్టీ సుక్క నీరు లేకండా ఎండుతన్నాడు పాపం, అల్లుడికి ఆ గ్యానం లేదని పోసినాను. కొలత పాడవుద్దని నాకెవలు సెప్పినారు?"

మరదలు చంకలో గంప దించుతూ నేలచూపులు చూసింది. (కొబ్బరికాయ కొట్టింది తనేనని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.) మొదట నవ్వింది మావ. మేడి మీద తల ఆన్చి, భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ వేసవంతా నేను వినని చప్పుడు అది. తరవాత గట్లన్నీ నవ్వాయి.

శిష్యుడు మాత్రం పట్టు వదల్లేదు. "ఆ తల్లి చేత పోయించింది కూడా స్వామే" అన్నాడు. స్వామి చెయ్యెత్తి అతన్ని ఆపాడు. నా దగ్గరికి వచ్చి గొట్టం అందుకుని, ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు.

"తియ్యగా ఉంది. ఇందులో వాన ఎంతుంది బాబూ?"

"తెలియదు స్వామీ. కలిసిపోయింది."

"తెలియదని చెప్పావు. మంచిది." మావ వైపు తిరిగి, "గింజలు ఇంటికి పట్టుకెళ్ళు నాయనా" అన్నాడు. ఆ మధ్యాహ్నం కుండ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని నమ్మినవాళ్ళు ఎందుకు నమ్మారో నాకు ఆ క్షణాన కొంచెం అర్థమైంది. డైరీలో ఆ రోజు ఇలా రాశాను. 'వాన: తెలియదు. కొబ్బరినీళ్ళు: ఉన్నాయి.'

అసలు వాన కొన్నాళ్ళకి వచ్చింది. మెల్లగా మొదలై, ఆగకుండా కురిసి, మర్నాడు మావ చేత్తో తవ్వి చూస్తే లోతుదాకా తడి ఉంది. కొన్ని గింజలు పాడయ్యాయి గానీ ఎక్కువ భాగం మొలిచాయి. ఆ వాన ఎవరి ఖాతాలో పడాలన్నది మాత్రం తేలలేదు. పక్క ఊళ్ళలో శిష్యుడు దాన్ని కుండకింద చెప్పుకున్నాడని విన్నాను. నేను రుతుపవనాలన్నాను. అత్త ఎవరితోనూ వాదించలేదు. నేను డబ్బా తిరిగి తీసుకుపోదామని పొలానికి వెళ్ళేసరికి, దానికి పసుపు రాసి, మూడు వేపులా బొట్లు పెట్టి ఉంది.

"అత్తా, అది ఆఫీసుది."

"ఆపీసుకి ఒకటున్నాది కదేటి. దీన్ని కదిపితే మీ మావ ఊరుకోడు."

మావ చుట్ట వెలిగించుకుంటూ, "నన్నెందుకు మజ్జిలో ఎడతావు?" అన్నాడు గానీ, తీసుకుపొమ్మని అనలేదు. ఒక మహిమని ఊళ్ళోంచి పంపడానికి వెళ్ళినవాణ్ణి, ఇంకోదాన్ని రాళ్ళతో తిన్నె కట్టి మరీ నిలబెట్టి వచ్చాను. పాత వర్షమాపకం ఏమైందని మా పై అధికారి తరవాతెప్పుడో అడిగితే, "వాడుకలో ఉందండీ" అన్నాను. అది నిజమే.

రిటైరయ్యాక విజయనగరంలో మేడ మీద సొంతంగా ఒక వర్షమాపకం పెట్టుకున్నాను. ఎవరికీ పంపవలసిన లెక్క కాదు, నా డైరీకి మాత్రమే. మొన్న వానాకాలంలో ఒక పొద్దున మోకాళ్ళు మొరాయించాయి. రాత్రంతా కురిసింది. చూడకుండా ఎలాగని నేను మంచం మీద అవస్థ పడుతుంటే, మావ ఇంటి ఆడపిల్ల, అంటే ఇప్పుడు మా ఆవిడ, గాజు గొట్టం అందుకుని "నేను చూసొస్తాను, ఉండండి" అని మెట్ల దగ్గరికి నడిచింది. అప్పుడు నా నోట్లోంచి, ఆలోచించకుండానే, ఒక మాట వచ్చింది.

"స్నానం అయిందా?"

ఆవిడ మొదటి మెట్టు మీద ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. వాళ్ళమ్మ కళ్ళే.

"అయింది. కొబ్బరికాయ కూడా కొట్టేమంటారా?"

వద్దన్నాను. గీతకి కన్ను సమానంగా పెట్టి చూడమని మాత్రం చెప్పాను.