సగంలో ఆపాల్సిన కథ

మా ఆయన బడిలో చరిత్ర చెబుతారు. గంట కొట్టినా, కథ పూర్తయ్యేదాకా పిల్లల్ని వదలరు. ఇంట్లోనూ అంతే. కంచం ముందు కూర్చుని ఏ రాజుగారి యుద్ధమో ఎత్తుకున్నారంటే, ఆ రాజు చచ్చేదాకా ముద్ద నోట్లో పెట్టరు. పిల్లలు ఆయన్ని రోమన్ మాస్టారు అంటారు. నాకైతే ఇంకా చాలా పేర్లు నోటిదాకా వస్తాయి, మింగేస్తుంటాను.

మా తమ్ముడు అధినేతగారి పార్టీ ఆఫీసులో సభల పనులు చూసేవాడు. అధినేత ఒకప్పుడు సైన్యాన్ని నడిపినవాడు. దేశానికి గండం వచ్చిందని, అది గడిచేదాకా అధికారమంతా అతని చేతిలో పెట్టారు. గండం గడిచి ఏళ్ళయింది. అధినేత మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఆ మాట ఎవరూ పైకి అనరు.

అధినేత మా ఊరు వస్తున్నాడని, సభలో అతన్ని పాతకాలపు వీరుడెవరితోనైనా పోల్చి మాట్లాడాలని మా ఆయన్ని అడగడానికి తమ్ముడు పరుగున వచ్చాడు.

"రోమ్‌లో సిన్సినాటస్ అని ఒక సేనాని ఉండేవాడు. అచ్చుగుద్దినట్టు సరిపోతాడు" అన్నారు మా ఆయన, మొహం వెలిగిపోతుంటే. ఆ పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. పొలం దున్నుకుంటున్నవాణ్ణి పిలిచి సర్వాధికారాలూ ఇచ్చారట. వెళ్ళి శత్రువుని చిత్తు చేశాడట.

"అక్కడితో ఆపెయ్ బావా! గెలిచాడు, దేశాన్ని కాపాడాడు, మన అధినేతా అంతే. చప్పట్లు. దిగిపో. వక్తగా నీ పేరు ఇస్తున్నది నేను, గుర్తుంచుకో" అన్నాడు తమ్ముడు.

"సరేలేరా" అన్నారు.

సభలో భలే మాట్లాడారు. అధినేత నవ్వుతూ తల ఊపాడు. మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. తమ్ముడు మెట్ల దగ్గర నిలబడి, ఇక దిగమని సైగ చేశాడు. మా ఆయన అటు చూస్తేగా! అల్లరి క్లాసు సద్దుమణిగేదాకా ఆగినట్టు ఓపిగ్గా ఆగి, "తర్వాత ఏమైందంటే..." అన్నారు.

"పని అయిన కొద్దిరోజులకే అధికారం తిరిగిచ్చేసి, తన పొలానికి వెళ్ళిపోయాడు. అందుకే ఇప్పటికీ తలుచుకుంటున్నాం."

ఈసారి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎంత ధైర్యమో అని ఇప్పుడు కొందరు చాటుగా మెచ్చుకుంటున్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. కథ సగంలో ఆపడం చేతకాక అన్నారంతే.

ముసలి పంతులే కదా అని ఆయన్ని వదిలేశారు. మర్నాడు తమ్ముణ్ణి మాత్రం, కాస్త మాట్లాడాలంటూ జీపులో ఎక్కించుకుపోయారు. ఏ ఆఫీసుకెళ్ళి అడిగినా మాకు తెలియదన్నారు.

నిన్న మా మరదలు వచ్చింది. ఆమెను చూడగానే మా ఆయన లేచి నిలబడ్డారు.

"తప్పైపోయిందమ్మా."

ఆమె ఏడవలేదు, కూర్చోలేదు. "ఆ రోమ్ మనిషి ఇంటికి తిరిగి వెళ్ళాడని అంతమందికి చెప్పారు కదా అన్నయ్యగారూ! మరి మా ఆయన ఎప్పుడొస్తారో అది కూడా చెప్పండి."

నేనూ ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను, ఏదైనా చెబుతారేమోనని.