చెయ్యి పెట్టని వంటగది

గెనాది వెల్చెవ్ కుర్రతనంలో ట్రిపుల్ జంప్‌లో జిల్లాకంతా పేరు మోసినవాడు. తర్వాత మోకాలు చెడింది, పొట్ట పెరిగింది, కాళ్లలో ఉన్న దూకుడంతా నోటికి చేరింది. డాన్యూబ్ నది ఒడ్డున ఓ చిన్న ఊరి హైస్కూల్లో ఆటల మాస్టారుగా కుదురుకుని, పిల్లలు పరిగెడుతుంటే తాను బెంచీ మీద కూర్చుని ఈల ఊదేవాడు. వాన పడితే ఆ ఈల కూడా ఉండేది కాదు, దూకడం ఎలాగో నోటితోనే చెప్పేవాడు.

సాంకేతిక పాఠం చెప్పే ఆయన రిటైరయ్యాక ఆ క్లాసూ గెనాది నెత్తినే పడింది. నల్లబల్ల మీద సుత్తి బొమ్మ గీసి, "ఇది తల, ఇది పిడి, రాసుకోండి" అనేవాడు. ఆ బడిలో ఏళ్ల తరబడి ఒక్క మేకు గోడలో దిగలేదు.

అంతలో పిల్లలు చేత్తో పని నేర్చుకోవాలంటూ పైనుంచి సరంజామా వచ్చింది. తళతళలాడే పొయ్యిలు, అద్దం తలుపు ఓవెను, మిక్సర్లు, ఏప్రన్లు. వంట టీచరమ్మ అప్పటికే సముద్రతీరంలోని ఓ హోటల్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ స్తామెనోవా గెనాదిని పిలిపించింది.

"వంట కూడా మీరే చూడాలి, వెల్చెవ్ గారూ."

"అమ్మా, నాకు టీ కాచుకోవడం కూడా రాదండీ!"

"మీరేం చెయ్యొద్దు, చెబితే చాలు. ఒక్క మాట. ఏదీ ముట్టుకోనివ్వకండి. పిల్లల చెయ్యి పడితే పాడైపోతాయి."

వంటగది తాళంచెవి ఆవిడ మెళ్లో గొలుసుకి వేలాడేది. పిల్లలు కిటికీలోంచి ఓవెన్ని చూసి, క్లాసుకొచ్చి బానిత్సా రొట్టె బొమ్మ గీసేవాళ్లు. పల్చటి పిండి పొరలకు పసుపు రంగు, మధ్యలో చీజ్‌కి తెలుపు. నీట్‌గా రంగు వేసినవాళ్లకు మంచి మార్కులు.

మార్చిలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నట్టు కబురందింది. స్తామెనోవా ఆ రోజు పొద్దున్నే మించో బేకరీ నుంచి పొగలు కక్కే బానిత్సా తెప్పించి, తువ్వాలులో చుట్టి ఓవెన్లో పెట్టించింది. ఓవెన్‌కి కరెంటు కనెక్షనే ఇవ్వలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు ధర చీటీలు ఊడదియ్యని ఏప్రన్లు కట్టుకుని, ఖాళీ గిన్నెల్లో గరిటెలు తిప్పుతూ నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టర్ కరాస్తోయనోవ్ లావుపాటి మనిషి. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. గెనాది ఓవెన్ తలుపు తీశాడు. చుట్టిన తువ్వాలు జారింది. ఇన్‌స్పెక్టర్ చూపు మాత్రం తువ్వాలు మీద లేదు. ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆహా! అచ్చం మా అమ్మ చేసినట్టే ఉందయ్యా!"

ముందు వరసలోంచి నెవెనా అనే పిల్ల అమాయకంగా అడిగింది. "మీ అమ్మగారు మించో బేకరీలో పనిచేస్తారాండీ?"

గదిలో గరిటెల చప్పుడు ఆగిపోయింది. స్తామెనోవా మొహం కందగడ్డ అయింది. ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా నమిలి, మింగి, పళ్లెం ముందుకు చాపాడు.

"ఇంకో ముక్క వెయ్యండి."

ఆయన వెళ్లాక స్తామెనోవా గెనాదిని పక్కకు లాగింది. "ఆ పిల్ల చేత క్షమాపణ చెప్పించండి. ఇవాళే!"

గెనాది నెవెనాని వరండాలో ఆపాడు. "ఏమ్మా, సారీ చెప్పెయ్యకూడదూ? నీ సొమ్మేం పోయింది?"

"దేనికి సార్? తిన్నందుకు ఆయన చెప్పాలా, తెచ్చినందుకు మేడమ్ చెప్పాలా, నిజం అన్నందుకు నేను చెప్పాలా?" అని ఆ పిల్ల ఆగి, "ఒక్క గుడ్డయినా మా చేత కొట్టించారా సార్?" అంది.

ఆ రాత్రి గెనాదికి అన్నం సయించలేదు. మర్నాడు ధైర్యం కూడదీసుకుని హెడ్‌మిస్ట్రెస్ ఎదుట నిలబడ్డాడు. "అమ్మా, కనెక్షన్ ఇప్పిద్దాం. ఒక్కసారి పిల్లల్ని చెయ్యి పెట్టనిద్దాం."

స్తామెనోవా నవ్వుతూ ఇన్‌స్పెక్టర్ రాసిచ్చిన కాగితం చూపించింది. వంటగదికి అవార్డట, ఆ బడి జిల్లాకే ఆదర్శమట. వెల్చెవ్ గారు మిగతా టీచర్లకు తర్ఫీదు ఇవ్వాలట.

"అవార్డు వచ్చిన వంటగదిని మురికి చేస్తారా? మీ పేరు కూడా ఉంది, చూసుకోండి."

గెనాది చూసుకున్నాడు. పేరు పెద్దక్షరాల్లో ఉంది. ధైర్యం అక్కడితో సరి. నెవెనాకి ప్రవర్తనలో తక్కువ మార్కు పడింది. వేసింది గెనాదే. వేసేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడలేదు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జిల్లా కేంద్రానికి వెళ్లాడు. హాలు నిండా టీచర్లు. గంటన్నర సేపు చేతి పని గొప్పతనం గురించి దంచాడు. చివర్లో ఓ నడివయసు పంతులమ్మ లేచింది.

"ఓవెన్ ఎంత వేడి మీద పెట్టాలి సార్?"

గెనాది గ్లాసెడు నీళ్లు తాగి, గంభీరంగా అన్నాడు.

"అది పిల్లల్ని బట్టి ఉంటుందమ్మా."

హాల్లో ఉన్నవాళ్లంతా తలలు వంచుకుని ఆ మాట రాసుకున్నారు.