మోడెమా, స్తంభమా, గుమ్మడికాయా

ఆళ్లగడ్డలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇంటి ముందు గది పోయింది. మిగిలినదాన్ని సరిచేసుకుని కొత్త గోడ లేపి, స్లాబు వేసుకునేసరికి రెండు వేసవులు గడిచాయి. ఇసుక ఉన్నప్పుడు మేస్త్రీ ఉండేవాడు కాదు, మేస్త్రీ వచ్చినప్పుడు ఇసుక ఉండేది కాదు. అన్నాళ్లూ ఫోను లైను ఆపి ఉంచమని రాసిచ్చాం. ఊళ్లోకి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో, ఆ ఫోను తీగ మీదే, మా ఇంటికీ వచ్చింది. లైనుతో పాటు అదీ ఆగిపోయింది.

దాన్ని మళ్లీ కలిపించుకోవాల్సిన అవసరం నాకంటే నాయనకే ఎక్కువగా వచ్చింది. నాయన శిల్పి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక అమ్మవారి విగ్రహం, కళ్లు తప్ప అన్నీ పూర్తయి, మొహానికి గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. మా పనిలో కళ్లు ఆఖరు. కళ్లు తీశాక, అంటే ఉలితో చెక్కి తెరిచాక, ఇక ఆ మొహం మీద ఉలి పెట్టకూడదు. పెదవి మందమైనా, చెంప లోతైనా అంతకు ముందే చూసుకోవాలి.

ఆ విగ్రహం చేయిస్తున్న పెద్దాయన హుబ్లీలో ఉంటాడు. వాళ్ల ఊరి గుడిలో దెబ్బతిన్న పాత విగ్రహానికి బదులు ఇది. పాత మొహం సరిగ్గా గుర్తున్న మనిషి ఇప్పుడు ఆయన ఒక్కడే. వచ్చి చూసి ఒప్పుకోవాల్సినవాడు కాస్తా కాలు విరిగి మంచం పట్టాడు. నేను తీసిన ఫోటోలు పంపితే, వీటిలో ఏమీ తెలియడం లేదన్నాడు. నాయన ఆయన మాటే నిజమన్నాడు.

"రాతి మొగం ఫోటోలో యాడ తెలుస్తాది రా? దీపం అట్లా ఇట్లా తిప్పి చూస్తే గదా, నవ్వుతాండాదో ఏడుస్తాండాదో తెలిసేది."

ఆ దీపం తిప్పడాన్ని కంప్యూటర్లో, కెమెరా పెట్టి, ఆయనకు చూపించాలని నేనే అన్నాను. నంద్యాలలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, అక్కడే ఒక కంప్యూటర్ల షాపులో రిపేర్లు చేసేవాణ్ని. సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉంది గానీ, నిలువెత్తు విగ్రహాన్ని అక్కడికి మోసుకుపోలేం. కళ్లు తీయడానికి ముహూర్తం శుక్రవారం పొద్దున పెట్టారు. ఆ లోపల పెద్దాయన చూసి ఒప్పుకోవాలి.

సోమవారం లైన్‌మన్ వచ్చి కొత్త గోడకు ఇనుప కొక్కెం కొట్టి, స్తంభం నుంచి తీగ లాగి దానికి కట్టాడు. ఫోను మోగింది. అదే సాయంత్రం అమ్మ కొత్త గోడకు దిష్టి గుమ్మడికాయ కట్టించింది. నేను లోపల మోడెం ముందు కూర్చున్నాను. లింకు దీపం పచ్చగా నిలబడితే ఇంటర్నెట్ ఉన్నట్టు. అది మిణుకుమిణుకుమంటోంది.

నాకు పద్ధతి తెలుసు. గోడలోని తీగ, ఫోనుకూ మోడెంకూ మధ్య ఉండే చిన్న ఫిల్టరు, మోడెం, పాస్‌వర్డు, ఆ తర్వాత బయటి తీగ. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి, ఫలితం రాసుకోవాలి. రాసుకున్నాను. కానీ ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. మంగళవారం మధ్యాహ్నం ఏమీ చేయకుండానే దీపం నిలబడింది. సంతోషంగా నాయనను పిలిచేలోపల పోయింది. మరుసటి రోజు లారీలు పోతుంటే పోయినట్టు అనిపించింది. లారీల అదురే కారణమనుకున్నాను. ఆ తర్వాత పెద్ద లారీ పోయినా దీపం చలించలేదు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆరిపోయింది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. "దానికేమన్నా జొరమొచ్చిందా నాయనా? పొద్దుననుంచి పట్టి పట్టి చూస్తాండావ్."

"లైను నిలబడ్తాలేదు మా."

"కూర్చోబెట్టి సూడు మరి."

నాయన షెడ్డులోంచి వచ్చి, దీపం వైపు చూసి, నా మొహం చూసి వెళ్లిపోయేవాడు. విగ్రహం మొహానికి గుడ్డ అలాగే ఉంది. ముహూర్తం దాటితే మళ్లీ మంచిరోజు పండగ తర్వాతే. పెద్దాయన చూడకుండా కళ్లు తీసి పంపితే, అక్కడికి పోయాక "ఈమె మా అమ్మ కాదు" అంటే ఆ రాయి ఎందుకూ పనికిరాదు.

గురువారం తెల్లవారగానే నంద్యాల బస్సెక్కి, షాపులో బాగా పనిచేస్తున్న మోడెం ఒకటి అడిగి తెచ్చాను. నేను ఇంటికి చేరేసరికి, ముందురోజు రమ్మని చెప్పిన లైన్‌మన్ మా గోడ ముందు తలెత్తి చూస్తున్నాడు.

"ఏందప్పా ఇది? నేను కొక్కెం కొట్టింది మీ వైరుకా, మీ యమ్మ గుమ్మడికాయకా?"

అప్పుడు చూశాను. ఇంత లావు కాయ, ఉట్టితో సహా ఫోను కొక్కేనికే వేలాడుతోంది. గాలికి ఊగినప్పుడల్లా తీగ అతుకు మీద పడుతోంది. అన్ని రోజులూ దాని కిందినుంచే తిరిగాను.

అమ్మ బయటికి వచ్చింది. "గోడంతా ఎతికితిని అన్నా, మొల అదొక్కటే కనపడె. ఇంగో మొల కొడితే పచ్చి గోడ నెర్రె ఇస్తాదని మేస్త్రీ చెప్పె."

"దింపాలమ్మా," అన్నాడు లైన్‌మన్.

"రేపు అమ్మోరికి కండ్లు తీస్తాండారు. ఈ పొద్దు దిష్టికాయ దింపుతారా ఎవరన్నా?"

"దింపొద్దులే, పక్కకు కట్టు."

"కట్టేదానికి యాడుంది?"

"నీ కొడుకు మెడకు కట్టు. ఎట్లా ఈడనే నిలబడి ఉండాడు."

నాయన ఆ మాటలు విని నిచ్చెన తెచ్చాడు. పైన ఇంకో అంతస్తు వేసుకుందామని స్లాబు మీద వదిలిన పిల్లరు చువ్వలున్నాయి. కాయను విప్పి, నేల తగలనివ్వకుండా, ఒక చువ్వకు కట్టాడు. అదే సమయంలో లైన్‌మన్ వీధి చివర స్తంభం దగ్గరికి పోయి, డబ్బాలో మా తీగను వేరే చోటికి మార్చాడు. నేను కొత్త మోడెం తగిలించాను. దీపం పచ్చగా నిలబడింది.

మూడూ ఒకేసారి మారాయి. అలా చేయకూడదని తెలుసు. కానీ వెనక్కి మార్చి ఒక్కోటీ పరీక్షించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు కూడా.

శుక్రవారం పొద్దున షెడ్డు దాకా తీగ లాగి, స్టూలు మీద కెమెరా పెట్టాను. తెర మీద పెద్దాయన, దిండ్లకు ఆనుకుని కనిపించాడు. నాయన గుడ్డ విప్పి, నూనె దీపం పట్టుకుని విగ్రహం మొహం చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. ఎడమ చెంప, పెదవి, గడ్డం, కుడి చెంప. పెద్దాయన కదలలేదు. మాట లేదు.

"ఆగిపాయెనా?" నాయన అడిగాడు.

నాకు తెలియలేదు. మోడెం దీపం పచ్చగానే ఉంది. అయినా తెర మీద మనిషి బొమ్మలా ఉన్నాడు. చివరికి ఆయన వెనక గోడ మీది క్యాలెండరు కాగితం ఫ్యాను గాలికి లేచి పడటం చూశాను.

"లేదు నాయనా. చూస్తాండాడు."

నాయన మళ్లీ మొదటినుంచి దీపం తిప్పాడు. పెదవి దగ్గరికి రాగానే పెద్దాయన చెయ్యెత్తాడు. "సాకు," అన్నాడు కన్నడంలో. "ఇన్ను ముట్టబేడి." చాలు, ఇంక తాకొద్దు అని. నాయన దీపం కింద పెట్టి కాసేపు ఆ వెలుతురులోనే నిలబడ్డాడు.

కళ్లు తీసేటప్పుడు విగ్రహం ఎదుట ఎవరూ ఉండకూడదు. కెమెరా ఉండొచ్చా అని అమ్మను అడిగాను. అమ్మకూ తెలియలేదు. దాన్ని గోడ వైపు తిప్పి బయటికి వచ్చేశాం. లైను మాత్రం తీయలేదు. హుబ్లీలో ఆయన మా షెడ్డు గోడనే చూస్తూ ఉలి చప్పుడు వింటూ కూర్చున్నాడు. అది ఆగేదాకా నేను పైన చువ్వకు ఊగుతున్న గుమ్మడికాయను చూస్తూ నిలబడ్డాను. గాలి బాగానే ఉంది. లింకు పోలేదు.