చేజేతులా

మొన్న తిరుపతిలో మా ఆఫీసు సభలో మైకు కీచుమనగానే అందరూ చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ మోతలో మా వకుళా టీచర్ రెండు అరచేతులూ కనిపించాయి.

పూతలపట్టు హైస్కూల్లో ఆమె మాకు తెలుగు చెప్పేవారు. రోజూ తిరుపతి నుంచి బస్సులో వచ్చేవారు. ఒకరోజు క్లాసంతటికీ పులిహోర చేసుకొచ్చి, కోతుల భయంతో స్టాఫ్ రూముకు తాళం నొక్కేశారు. తాళంచెవి లోపలే ఉండిపోయింది. మేమంతా కిటికీలోంచి డబ్బా వంక ఆశగా చూస్తుంటే, ఆమె అరచేతులు చాపి పకపకా నవ్వారు.

"చేజేతులా అంటే ఇదే పిల్లలూ! కోతులకు దక్కకూడదని మనకే దక్కకుండా చేసినాను. ఈ మాట మంచికి రాదు. చేజేతులా చెడగొట్టుకున్నాడు అంటాం గానీ, చేజేతులా బాగుపడినాడు అనం. ఎదుటోళ్లను అనే ముందు మన చేతులు చూసుకోవాల."

నా చేతులు నేను చూసుకోవలసిన రోజూ వచ్చింది. ఎక్కడ మాట్లాడమన్నా "నాకేమీ రాదు, తప్పులుంటే మన్నించండి" అని మొదలుపెట్టేదాన్ని. మా ఇంట్లో అది వినయం. కడుపు పగిలేలా భోజనం పెట్టి కూడా "ఏదో మా చేతనైనంత" అనే మనుషులం. ఆ మాట వినగానే జనం కబుర్లలో పడేవారు, నేను సగంలోనే ఆపేసి వచ్చి కూర్చునేదాన్ని. పదో తరగతి అయ్యాక తిరుపతి కాలేజీలో చేరతానంటే నాయన ఒప్పుకోలేదు. "నోట్లో నాలిక లేని బిడ్డ హాస్టల్లో ఎట్ల బతుకుతాది?" అన్నాడు.

చిత్తూరులో వక్తృత్వ పోటీకి టీచర్ నన్ను తీసుకెళ్తూ, పట్టుబట్టి నాయననూ రప్పించారు. మైకు కీచుమంది. "నాకేమీ..." అన్నాను. ముందు వరసలో టీచర్ రెండు అరచేతులూ పైకెత్తి చూపించారు. లోపల చిక్కిన పులిహోర గుర్తొచ్చి నవ్వాగలేదు. "నాకేమీ భయం లేదు!" అనేశాను. పచ్చి అబద్ధం. హాలంతా ఘొల్లుమంది, ఆ తర్వాత నా మాటకు అడ్డే లేకపోయింది.

బయటికొచ్చాక నాయన అన్నాడు: "టీచరమ్మా, ఇంక దీని నోరు మూయించేదెట్ల? కాలేజీకి పంపించాల్సిందే!"

"కాలేజీ చేజేతులా సంపాదించుకునింది నీ బిడ్డ" అన్నారామె.

"ఆ మాట మంచికి రాదన్నారు కదా టీచర్?" అన్నాను నేను.

"ఈపొద్దుకు వస్తాది లే!"

అంత నిక్కచ్చి తెలుగు టీచర్ నా కోసం ఒక మాటను వంచారు. ఆ సంతోషం నాకిప్పటికీ తరగలేదు.

మొన్న సభలో నా పేరు పిలిచారు. "నాకేమీ" అన్న మాట నాలుక చివరికి రానే వచ్చింది. రెండు అరచేతులూ ఒకసారి చూసుకున్నాను.

"నాకేమీ భయం లేదు" అన్నాను. ఈసారి అందులో సగానికి పైగా నిజమే.