చింతామణికి పోయే మనిషి

బస్సు కండక్టరుగా రిటైరైన మునివెంకటప్ప సాయంత్రమయ్యేసరికి కైవార బస్టాపులో నిలబడతాడు. టికెట్లు చించిన బొటనవేలు ఇప్పటికీ చూపుడువేలిని రాస్తూనే ఉంటుంది. పింఛను ఉన్నచోటే ఉంది, పప్పు, నూనె ధరలు మాత్రం మండిపోతున్నాయి. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక, సరుకులు చవగ్గా దొరికే చింతామణికి భార్య నారాయణమ్మే పోయొస్తోంది. నిన్న మోకాళ్ల నొప్పితో ఆమె బస్సు మెట్లు దిగలేకపోయింది.

"రేపు నేను పోతాలే" అన్నాడు సంచి అందుకుంటూ.

"నీకు టికెట్టు కొంటే ఇంక మిగిలేదేముండాది?" అందామె.

అతను సంచి తిరిగి ఆమె చేతికిచ్చాడు. ఈ పొద్దున రెక్క పట్టుకుని ఆమెను బస్సెక్కించాడు. లోపల సీటు లేదు, ఆమె కమ్మీ పట్టుకుని నిలబడింది. అది చూస్తూనే, పాత చెయ్యి ఊరుకోక, బస్సు రేకు మీద రెండుసార్లు చరిచి "రైట్, రైట్" అన్నాడు.